ఓర్చుకోమనడం వైద్యం కాదు

“పెద్ద ఆపరేషన్ కదమ్మా, ఆ మాత్రం నొప్పి ఉంటుంది, ఓర్చుకో.” సిజేరియన్ అయిన బాలింతకు మన ఆసుపత్రులలో చాలాసార్లు దొరికే సలహా ఇంతే. ఇంటికి వెళ్లాక మరో మాట తోడవుతుంది: “నువ్వేమైనా నొప్పులు పడి కన్నావా?” ఉద్యోగంలో ఉన్న రోజులలో మొదటి మాట నేనూ అన్నాను. అది తప్పని ఒప్పుకోవడానికి నాకు సంకోచం లేదు.

2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం కాన్పులలో సిజేరియన్లు తెలంగాణలో 60.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం. దేశ సగటు 21.5 శాతం. వాటిలో ఎన్ని అవసరమన్నది వేరే చర్చ. ఇందరికి కోత పెడుతున్న మనం, ఆ నొప్పిని తేలిక చేసుకునే ఉపాయం నేర్పడానికి పది నిమిషాలు కేటాయించలేమా?

నొప్పి పుట్టగానే శరీరం బిగుసుకుంటుంది. ఊపిరి పైపైనే ఆడుతుంది. పొట్ట కండరాల బిగువు కుట్లను లాగి నొప్పిని పెంచుతుంది; నొప్పి భయాన్నీ, భయం మళ్లీ బిగువునూ పెంచుతాయి. పాలను చేపుకు తెచ్చే ఆక్సిటోసిన్‌కూ ఈ ఆందోళన అడ్డుపడుతుంది. ఈ వలయాన్ని తెంచడమే విశ్రాంతి పద్ధతుల పని.

వెల్లకిలా పడుకొని, మోకాళ్ల కింద దిండు పెట్టుకోండి. ముక్కుతో నాలుగు లెక్కపెట్టేంత సేపు గాలి పీల్చి, ఆరు లెక్కపెట్టేంత సేపు నెమ్మదిగా వదలండి. కాళ్లకు స్పర్శ పూర్తిగా వచ్చాక పాదాలు, పిక్కలు, పిడికిళ్లు, భుజాలు, ముఖం, ఒక్కొక్కటిగా ఐదు సెకన్లు బిగించి వదిలేయండి. పొట్టను మాత్రం బిగించవద్దు. అమెరికా వైద్యుడు ఎడ్మండ్ జాకబ్‌సన్ 1929లోనే పుస్తకంగా వివరించిన పద్ధతికి ఇది సులభ రూపం. రోజుకు రెండు మూడుసార్లు, ముఖ్యంగా బిడ్డకు పాలిచ్చే ముందు చేయండి. దగ్గు వస్తే కుట్ల మీద దిండు అదిమి పట్టుకోండి. లేచేటప్పుడు పక్కకు ఒత్తిగిలి, చేతుల ఆసరాతో లేవండి.

ఇక రెండో వైపు వారికీ ఒక మాట. “మందులు పాలలోకి పోతాయి, శ్వాస చాలు” అని మాత్రలు మాన్పించేవారు ఆ తల్లికి ద్రోహమే చేస్తున్నారు. పారాసెటమాల్, ఐబుప్రోఫెన్ వంటివి పాలిచ్చే తల్లులు వైద్యుని సలహాతో వాడదగినవే. 2020 నాటి కోక్రేన్ సమీక్ష కూడా, ఆధారాలు బలహీనమేనంటూనే, విశ్రాంతి పద్ధతులు మొదటి రోజు నొప్పిని కొంత తగ్గించవచ్చునని చెప్పింది. అంటే ఇవి మందుకు తోడు మాత్రమే, బదులు కావు. నొప్పి రోజురోజుకూ పెరిగినా, జ్వరం, చీము, దుర్వాసన గల స్రావం, ఒక పిక్కలో వాపు, ఆయాసం కనిపించినా వెంటనే వైద్యుని వద్దకు వెళ్లాలి.

మరి ఇంత సులభమైనది ఎందుకు నేర్పడం లేదు? దీనికి బిల్లు వేయడానికి వీలు లేదు గనుక! కనుక మీరే అడగండి. ఎనిమిదో నెల పరీక్షకు వెళ్లినప్పుడే నర్సుతో చేయించుకొని నేర్చుకోండి. తోడు వచ్చిన తల్లి, అత్త, భర్త కూడా చూసి నేర్చుకోవాలి. రేపు మంచం పక్కన ఉండేది వారే. ఆ రోజు వారు “ఓర్చుకో” అనకుండా, “నాతో పాటు నెమ్మదిగా ఊపిరి తీసుకో” అంటే చాలు.