ఫలానా అంటే ఎవరు?

ఈసారి కొంచెం పొడుగ్గానే రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

పిల్లల స్కాలర్‌షిప్పుకి ఆన్‌లైన్లో ఎలా అప్లై చేయాలో మన గ్రూపులో ఒక వివరం వచ్చింది. మెయిల్ అడ్రసు దగ్గర "యువర్‌నేమ్ ఎట్ ఎగ్జాంపుల్ డాట్ కామ్" అని ఉంది. ఇద్దరు ముగ్గురు తల్లిదండ్రులు ఉన్నదున్నట్టు దాన్నే కొట్టేశారు. ఇంకొకరు పేరు చుట్టూ ఉన్న బ్రాకెట్లు కూడా కొట్టారు. ఓటీపీ రాలేదు. గ్రూపులో కొందరు నవ్వుకున్నారు. నాకది నచ్చలేదు. ఇది నమూనా, ఇక్కడ మీది రాసుకోండి అని ఒక్క ముక్క చెప్పకుండా పంపినవాళ్ళదే తప్పు.

ఇది మనకు తెలియని సంగతి కాదు. ఫలానా వాడు, ఫలానా ఊరు అంటూనే ఉంటాం. అరబ్బీ నుంచి ఉర్దూ మీదుగా వచ్చిన మాట అది. తమిళంలో "ఇన్నార్" అంటారు; నేను తమిళ మీడియంలో చదివినవాణ్ణి, బళ్ళో ఆ మాటే ముందు నేర్చుకున్నాను. రైల్వేలో రూల్సు చెప్పేటప్పుడు "ఏ" స్టేషను, "బి" స్టేషను అనేవాళ్ళు. "ఏ" స్టేషనుకు టిక్కెట్టిమ్మని ఎవరూ కౌంటరుకు రాలేదు! ఎందుకంటే అది ఊరిపేరు కాదని చూడగానే తెలుస్తుంది. యువర్‌నేమ్ అనేది ఇంగ్లీషు రానివాళ్ళకు అలా తెలియదు.

కంప్యూటరువాళ్ళు ఇందులో తెలివైన పని ఒకటి చేశారు. ఎగ్జాంపుల్ డాట్ కామ్ అనే పేరును 1999లోనే నమూనాల కోసమని పక్కన పెట్టేశారు. దాన్ని ఎవరూ కొనుక్కోలేరు. మనం ఊరికే తోచిన పేరేదో ఎట్ జీమెయిల్ అని రాస్తే ఆ అడ్రసున్న మనిషి నిజంగా ఎక్కడో ఉండొచ్చు, మన ఉత్తరాలన్నీ ఆయనకు పోతాయి. ఫోన్ నంబరు కూడా అంతే. అమెరికాలో సినిమాల కోసం, కథల కోసం 555-0100 నుంచి 555-0199 దాకా నంబర్లు విడిగా ఉంచారు. మనవాళ్ళు 9876543210 అని రాసేస్తారు, అది ఎవరి నంబరో, ఆ మనిషికి ఎన్ని ఫోన్లు పోతున్నాయో. మన దేశంలో మొబైల్ నంబరు 6 నుంచి 9 లోపు అంకెతోనే మొదలవుతుంది, ఆధార్ 0తో గానీ 1తో గానీ మొదలు కాదు. కాబట్టి నమూనాలో సున్నాలు పెడితే ఎవరికీ ఇబ్బంది లేదు.

అసలు చిక్కు పేరు దగ్గర. ఫస్ట్ నేమ్ జాన్, లాస్ట్ నేమ్ స్మిత్ అని చూపిస్తారు. ఆంధ్రాలో మన చుట్టాలకు ఇంటిపేరుంది, ముందు రాసుకుంటారు. తమిళనాడులో మనం తండ్రి పేరు మొదటి అక్షరం ఇనీషియల్‌గా పెట్టుకుని ఎన్నో తరాలైంది. స్మిత్ ఉన్నచోట మనమేం రాయాలి? పాన్ కార్డు ఫారంలో ఇనీషియల్స్ రాయకూడదు, పూర్తిగా విడదీసి రాయాలి. దాంతో ఒక ఇంట్లో అన్న తండ్రి పేరు రాస్తాడు, తమ్ముడు ఇంటిపేరు రాస్తాడు. మార్కుల షీటులో ఒకటి, పాన్‌లో ఇంకొకటి. పాస్‌పోర్టు రోజున ఆ పిల్లవాడు అఫిడవిట్ల కోసం తిరుగుతాడు. జాన్ స్మిత్‌కు ఈ బాధ లేదు.

కాబట్టి కార్యవర్గానికి నా మనవి. ఇకమీదట సంఘం పంపే ప్రతి వివరంలో జాన్ స్మిత్ బదులు మన పద్ధతిలో పేరుండాలి: తండ్రి పేరు ఫలానయ్య, పిల్లవాడి పేరు ఫలానా కుమార్, సర్టిఫికెట్లో "ఎఫ్. ఫలానా కుమార్". ఏ గడిలో ఏది రాయాలో పక్కనే తెలుగులో ఒకసారి, తమిళంలో ఒకసారి. తెలుగు మాట్లాడతారు గానీ చదవలేరు, మన పిల్లల్లో సగం మంది అంతే. తమిళం వైపు నేను రాసిస్తాను. తెలుగు టైపు చేయగలిగినవాళ్ళు ఒకరు ముందుకు వస్తే వచ్చే ఆదివారం కూర్చుని ముగించేద్దాం.