ప్రమాణం ఎవరి చేతిలో ఉంది?



ఈ వరుసలో ఇప్పటిదాకా భూమి గురించి, నీళ్ళ గురించి, చదువు గురించి మాట్లాడుకున్నాం. ఈసారి గాలి గురించి. చెవిలోని ఇయర్‌బడ్, చేతి వాచీ జేబులోని ఫోన్‌తో గాలిలోనే మాట్లాడతాయి. పొలంలో పాతిన సెన్సార్ గట్టు మీది పెట్టెతోనూ అంతే. ఎవరు ముందు మాట్లాడాలి, ఎవరు ఎప్పుడు ఆగాలి అన్నదానికి రాసిపెట్టిన నియమాలున్నాయి. ఇంగ్లీషులో స్టాండర్డ్స్, తెలుగులో ప్రమాణాలు.

నేను తెలుగు పాఠాలు చెప్తాను, ఇంజనీరింగ్ కాదు. నన్ను ఇందులోకి లాగింది ఈ మాటే. ప్రమాణం అంటే కొలత. ప్రమాణం అంటే ఒట్టు. దేన్ని నిజమని ఒప్పుకోవాలో తేల్చే ఆధారం కూడా ప్రమాణమే. వేదమే ప్రమాణం అన్న దేశంలో ఆ వేదం చెవిన పడటమే నేరమైన వాళ్ళ పిల్లలం మనం. కాబట్టి ప్రమాణం అన్న మాట ఎక్కడ వినపడినా మన మొదటి ప్రశ్న ఒకటే: దీన్ని ఎవరు రాశారు?

అలాగని ప్రమాణాన్ని శత్రువుగా చూడొద్దు. కూలి గింజలు కొలిచే రోజుల్లో ఇచ్చే శేరు వేరు, పుచ్చుకునే శేరు వేరు అని మన అవ్వలు చెప్పేవాళ్ళు. 1956లో తూనికలు కొలతల ప్రమాణాల చట్టం వచ్చాక దేశమంతటికీ ఒకే కిలో చట్టబద్ధమైంది. భూస్వామి ఇష్టమొచ్చిన కొలతకు అడ్డం పడగలిగేది అందరికీ తెలిసిన కొలత మాత్రమే.

ఇక గాలి ప్రమాణాలు. 1998లో ఎరిక్సన్, ఇంటెల్, నోకియా, ఐబీఎం, తోషిబా కలిసి బ్లూటూత్ సంఘం పెట్టాయి. మరుసటి ఏడు ఐ ట్రిపుల్ ఈ సంస్థలో 802.15 అనే బృందం మొదలైంది. మనిషి చుట్టూ పది మీటర్ల లోపల పరికరాలు ఎలా మాట్లాడుకోవాలో రాయడం దాని పని. 2002లో బ్లూటూత్ ఆధారంగా ఒక ప్రమాణం, 2003లో తక్కువ కరెంటుతో నడిచే సెన్సార్ల కోసం 802.15.4, 2012లో ఒంటి మీద పెట్టుకునే పరికరాల కోసం 802.15.6 వచ్చాయి.

ఆ మొదటి ప్రమాణంలో ఏముందో చూడండి. ఒక గుంపులో ఒక 'మాస్టర్', దాని కింద ఒకేసారి ఏడుగురి దాకా 'స్లేవ్‌లు'. మాస్టర్ పలకరిస్తేనే స్లేవ్ నోరు తెరవాలి. ఒక స్లేవ్ పక్క స్లేవ్‌తో నేరుగా మాట్లాడటానికి లేదు. ఇది చదివినప్పుడు మన పల్లెల్లో జీతగాడి బతుకు గుర్తుకు రాకపోతే ఆశ్చర్యం.

ఇంజనీర్ మిత్రులు వెంటనే అంటారు: అది బ్యాటరీ కోసం, అందరూ ఒకేసారి మాట్లాడితే గందరగోళం అవుతుంది కాబట్టి పెట్టిన వరుస అని. నిజమే. రేడియోకు కులం లేదు. కానీ ఆ వరుసకు పేరు పెట్టాల్సి వచ్చినప్పుడు యజమాని, బానిస అన్న మాటలే ఎందుకు నోటికొచ్చాయి? ఆ గదిలో ఎవరికీ ఆ మాట గుచ్చుకోలేదు కాబట్టి. 2003లో లాస్ ఏంజిలస్ కౌంటీ తమకు పరికరాలు అమ్మేవాళ్ళను ఆ మాటలు వాడొద్దని కోరితే ఎగతాళి చేశారు. 2020లో జార్జ్ ఫ్లాయిడ్ హత్య తర్వాత నల్లజాతి ప్రజలు వీధుల్లోకి వచ్చాకే సాంకేతిక సంస్థలు పెద్దయెత్తున కదిలాయి. 2021 జూలైలో వచ్చిన బ్లూటూత్ 5.3లో మాస్టర్ 'సెంట్రల్' అయ్యింది, స్లేవ్ 'పెరిఫెరల్' అయ్యింది.

ఇది గెలుపే. కానీ పెరిఫెరల్ అంటే అంచున ఉండేది. పేరు మార్చి ఊరి బయటే ఉంచిన చరిత్ర మనకు తెలుసు. మాట మారితే సరిపోదు, రాసే గదిలో మనుషులు మారాలి.

ఆ గది ఎలా ఉంటుంది? 802.15లో ఓటు హక్కు మనిషికి వస్తుంది, వరసగా సమావేశాలకు హాజరైతేనే. ఆ సమావేశాలు ప్రపంచ నగరాల హోటళ్ళలో జరుగుతాయి. సాంకేతిక నిర్ణయానికి 75 శాతం ఓట్లు కావాలి. అల్ట్రా వైడ్‌బ్యాండ్ మీద రెండు కంపెనీల కూటములు మూడేళ్ళు కొట్టుకుని, ఎవరికీ అన్ని ఓట్లు రాక, 2006 జనవరిలో ఆ ఉపబృందాన్నే మూసేశారు. బ్లూటూత్ సంఘంలో మెట్లున్నాయి: కింది మెట్టు సభ్యత్వం ఉచితం, డబ్బు కట్టిన సభ్యులకు రాసే బృందాల్లో చోటు, పై మెట్టు కంపెనీలకు బోర్డులో కుర్చీ. తలుపు మీద ఎవరి కులం పేరూ రాసి ఉండదు. విమానం టికెట్టే తలుపు.

దీంతో మన కరువు సీమకేం పని అంటారా? పాత అనంతపురం జిల్లా మూడు వైపులా చుట్టుకుని ఉన్న పావగడ తాలూకా మీకు తెలుసు. అక్కడి చెన్నకేశవపురంలో 2000ల మధ్యకాలంలో బెంగళూరు ఐఐఎస్సీ, స్విట్జర్లాండ్ ఈపీఎఫ్‌ఎల్ పరిశోధకులు కామన్‌సెన్స్ నెట్ పేరుతో వాన మీద బతికే చేలల్లో వైర్‌లెస్ సెన్సార్లు పెట్టారు. ముందు రైతుల్ని మీకేం తెలియాలి అని అడిగారు కూడా. మంచి పని. అయితే సెన్సార్ పాతడానికి చేను ఉండాలి. చేను లేని కూలి మనిషి ప్రశ్న వేరు: రేపు కలుపు తీత ఉందా, లేదా?

ఇంకా దగ్గరి ప్రశ్న ఒకటుంది. 802.15.6లో ఒంటి మీది పరికరాలను 'నోడ్'లంటారు, వాటి సమాచారం చేరే చోటు 'హబ్'. రేపు మే నెల ఎండలో కాలువ తవ్వే మన అమ్మ చేతికి ఒక పట్టీ కడతారనుకోండి. వడదెబ్బను ముందే పసిగడితే అది ప్రాణం కాపాడుతుంది. ఎన్నిసార్లు కూర్చుందో లెక్కపెడితే అదే మేస్త్రీ కొరడా అవుతుంది. పట్టీ అదే, రేడియో అదే. తేడా హబ్ ఎవరి చేతిలో ఉందన్నదే. ఉపాధి హామీ పనిలో 2023 జనవరి నుంచి రోజుకు రెండుసార్లు ఫోటో హాజరు తప్పనిసరి చేసినప్పుడు కూలీలను ఎవరడిగారు?

గదిలో కూర్చుంటే మార్పు వస్తుందా? వచ్చిన ఉదాహరణ ఉంది. ఇది దూరపు రేడియో సంగతి, 5జీది. పల్లెలో టవర్ల మధ్య దూరం 1,732 మీటర్లు అన్న లెక్క మన దేశపు పల్లెలకు నప్పదని ఐఐటీ మద్రాస్, ఐఐటీ హైదరాబాద్ వాళ్ళు టీఎస్‌డీఎస్‌ఐ ద్వారా వాదించారు. 2017లో అంతర్జాతీయ టెలికాం సంఘం పరీక్షల్లో 6 కిలోమీటర్ల దూరం కూడా చేరింది. పల్లె దూరం తెలిసినవాళ్ళు కూర్చుంటే పల్లె దూరం ప్రమాణంలోకి ఎక్కింది. అంబేద్కర్ ప్రాథమిక హక్కుల ఉపసంఘంలో, డ్రాఫ్టింగ్ కమిటీలో కూర్చోవడం ఎందుకు ముఖ్యమో ఇంతకంటే వివరంగా మీకు చెప్పక్కర్లేదు.

అందుకే జేఎన్‌టీయూలో ఎలక్ట్రానిక్స్ చదువుతున్న తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు ఒక మాట. 802 ప్రమాణాలు అచ్చయిన ఆరు నెలలకు ఉచితంగా దొరుకుతాయి. దించుకుని చదవండి. మన బీఐఎస్ ముసాయిదాలను అభిప్రాయాల కోసం బయట పెడుతుంది. ఎండలో పనిచేసే ఒంటి తరఫున ఒక పేజీ అభిప్రాయం రాసి పంపండి. సంఘాలు సభలకు పెట్టే ఖర్చులో కొంత ఒక విద్యార్థి సమావేశం టికెట్టుకు పెట్టాలి. స్కాలర్‌షిప్పుల కోసం ధర్నా చేసినట్టే, ప్రమాణాల కమిటీల్లో ఎస్సీ ఎస్టీ పరిశోధకులకు ప్రయాణ ఖర్చులివ్వాలని అడగాలి.

మన అవ్వలకు శేరు వాళ్ళ చేతిలో లేదు. హబ్ మన పిల్లల చేతిలో ఉండాలి.

జై భీమ్.