ఇంటి వస్తువులు – జిజ్ఞాస

జిజ్ఞాస అనగానే మన విద్యార్థుల దృష్టి ఆకాశం మీదికో, అణుగర్భంలోనికో పరుగెత్తుతుంది. ఇంటి మూలనున్న కూజా మీదికి మాత్రం పోదు. నేటి మన చదువులలోని పెద్ద లోపాలలో ఇది ఒకటని మా అభిప్రాయం.

ఆ కూజానే తీసుకొందాం. పారశీకం నుండి వచ్చిన ఈ మాట తెలుగింట ఎంతగా స్థిరపడినదంటే, అది పొరుగు నుండి వచ్చినదన్న సంగతే మనం మరచిపోయాము. మట్టి గోడలోని సూక్ష్మరంధ్రాల గుండా ఊరిన నీరు పైభాగాన ఆవిరి అవుతుంది. ఒక్క గ్రాము నీరు అట్లు ఆవిరి కావడానికి సుమారు 580 కేలరీల ఉష్ణం కావలెను. అందులో చాలా భాగం లోపలి నీటి నుండియే పోతుంది గనుక ఆ నీరు చల్లబడుతుంది. గుప్తోష్ణానికి నిర్వచనం తడబడక అప్పజెప్పే విద్యార్థిని, అదే కూజా వేసవిలో కర్నూలులో చల్లబరచినంతగా మచిలీపట్నంలో నీటిని ఎందుకు చల్లబరచదని అడిగి చూడండి. చాలాసార్లు మౌనమే సమాధానం. సముద్రతీరపు గాలిలో తేమ అధికం. కనుక ఆవిరి కావడం మందగిస్తుంది. ఈ జవాబు అతని పుస్తకంలోనే ఉన్నది. లేనిదల్లా పుస్తకానికీ ఇంటికీ నడుమ బాట.

కళాయి సంగతి ఇంకను విచిత్రం. తగరమనే అర్థంగల అరబ్బీ పదమే ఉర్దూలో కలయీ, తెలుగులో కళాయి అయినది. చింతపండు పులుసు రాగి, ఇత్తడి పాత్రలలో చిలుమును పుట్టిస్తుంది గనుక లోపల తగరపు పూత వేయిస్తారు. పాత్రను కాల్చి, నవాసాగరం చల్లి, తగరాన్ని తాకించి దూదితో తుడిచే ఆ కార్మికుడు రసాయనశాస్త్ర ప్రయోగాన్నే వీధిలో చేసి చూపుతున్నాడు. నవాసాగరం లోహం మీది మాలిన్యాన్ని తొలగిస్తే తప్ప తగరం అంటుకొనదు. కళాయి గిన్నెను వట్టిగా పొయ్యి మీద పెట్టరాదని మన నానమ్మలు, నానీలు మందలించడంలోను శాస్త్రమున్నది. నీరున్నంతవరకు గిన్నె వేడి 100 డిగ్రీలను అంతగా మించదు. నీరు లేనినాడు 232 డిగ్రీలు దాటి తగరమే కరిగిపోతుంది. స్టీలు పాత్రలు వచ్చిన తరువాత ఆ కార్మికుని కేక అరుదైనది. ఆ కేకతోపాటు ఆ తెలివియు పోవలెనా?

ప్రశ్నించడమెంత ముఖ్యమో, తోచిన మొదటి సమాధానంతో తృప్తిపడకపోవడం అంత ముఖ్యం. బాల్‌పెన్ను మూత కొనను రంధ్రమెందుకని అడిగితే, సిరా ఆరకుండుటకని పలువురు చెబుతారు. నిజానికి పసివాడు మూతను మింగి అది గొంతుకు అడ్డుపడినను, కొంత ఊపిరి ఆడవలెనన్నది దాని ఉద్దేశం. తాళంకప్ప అడుగున తాళపుచెవి రంధ్రం ప్రక్కన ఉండే చిన్న బెజ్జం లోపల చేరిన వాననీరు జారిపోవడానికి, అవసరమైనప్పుడు నూనెచుక్క వేయడానికి ఉపకరిస్తుంది. అలవాటుపడిన కంటికి ఇవేవీ కనబడవు.

ఇటువంటి ప్రశ్నలు పరీక్షలలో రావు గదా, కాలహరణ మెందుకని కొందరు ఆక్షేపింపవచ్చును. పరీక్షల భారం మాకు తెలియనిది కాదు. మా విద్యార్థులలో అనేకుల ఇండ్లలో కళాశాల గడప త్రొక్కిన మొదటి తరం వారిదే. మార్కులు వారికి జీవనాధారం. అయినను అమ్మీ వంటగదిలో, అబ్బా పనిముట్లలో తాము చదివే శాస్త్రమే ఉన్నదని గ్రహించని విద్యార్థి తన ఇంటిని అజ్ఞానపు గూడనియు, విద్య ఇతరుల సొత్తనియు భావిస్తాడు. ఈ న్యూనతాభావం తప్పిన మార్కుల కంటె ఎక్కువ నష్టం చేస్తుంది.

కనుక కళాశాల కమిటీవారికి ఒక విన్నపం. వార్షికోత్సవంనాడు ఒక బల్ల మీద పది ఇంటి వస్తువులుంచి, ఒక్కొక్కదాని ప్రక్కన ఒక్కొక్క ప్రశ్న వ్రాయింపుడు. జవాబులు తెలుగులోను, ఉర్దూలోను విద్యార్థులే సిద్ధపరచవలెను. ఒక కళాయి కార్మికుని, ఒక కుమ్మరిని వేదిక మీదికి ఆహ్వానింపుడు. ఖర్చు స్వల్పం, ప్రయోగశాల ప్రతి ఇంటిలోను సిద్ధంగా ఉన్నది.

విద్యార్థినీ విద్యార్థులారా! ఈ సెలవులలో ఇంటిలోని ఒక్క వస్తువును ఎంచుకొని, అది ఆ ఆకారంలోనే ఎందుకున్నదో పెద్దలను అడగండి, పరీక్షించండి, వ్రాయండి.