పాట రాసుకున్నారు, కూలి రాసుకోలేదు



పోయిన భాగం చదివిన ఇద్దరు పరిశోధక విద్యార్థులు ఒకే ప్రశ్న అడిగారు. నిజానికి అది వాళ్ళ ప్రశ్న కాదు, వాళ్ళ గైడ్లది. "ముసలివాళ్ళు చెప్పింది చరిత్ర ఎలా అవుతుంది? రాతపూర్వక ఆధారం చూపించండి" అన్నారట. సరే, ఆ రాత సంగతే చూద్దాం.

పల్లెలో భూమి మీద ఉన్న రాత అంటే అడంగల్. సర్వే నంబరు ఉంటుంది, విస్తీర్ణం ఉంటుంది, పట్టాదారు పేరుంటుంది, ఏ పైరు వేశారో ఉంటుంది. నాటు వేసిన కూలి పేరు రాయడానికి అందులో గడే లేదు. ఆ గడులు నింపింది ఎవరు? 1984లో ఎన్టీఆర్ ప్రభుత్వం రద్దు చేసేదాకా వంశపారంపర్యంగా కరణీకం చేసిన ఇళ్ళవాళ్ళు. ఊరి భూమి లెక్క తాత చేతి నుంచి మనవడి చేతికి, ఆ ఇంటి గడప దాటకుండా పోయింది. ఆ కాయితం మీద పీహెచ్‌డీ చేస్తే ఎవరూ అడ్డం చెప్పరు. అదే పొలంలో నలభై ఏళ్ళు నడుం వంచిన మనిషి ఏ గట్టు ఎటు జరిగిందో చెబితే మాత్రం "జ్ఞాపకం కదండీ, నమ్మలేం" అంటారు. కరణం రాసింది కూడా ఎవరో చెప్పిందే కదా! ఎవరు చెబితే రాశాడన్న దగ్గరే తేడా.

మన తెలుగు శాఖలకు మాలపల్లెల, మాదిగపల్లెల నోరు కొత్తేం కాదు. బిరుదురాజు రామరాజు గారి జానపద గేయ సాహిత్య గ్రంథం 1958లో అచ్చయింది. ఆ దారిలో ఆ తర్వాత ఎన్ని ఎం.ఫిల్‌లు, ఎన్ని పీహెచ్‌డీలు! నాట్ల పాటలు, కోతల పాటలు, రోకటి పాటలు. ఆ థీసిస్‌ల చివర అనుబంధం తిప్పి చూడండి. "వక్తలు" అని ఒక పట్టిక కనబడుతుంది. పేరు, వయసు, కులం, ఊరు, చదువు. చదువు గడిలో "నిరక్షరాస్యురాలు". లోపల మాత్రం ఆమె పాటలో అంత్యప్రాసలు, ఉపమలు, శృంగారం, కరుణ అన్నీ తేల్చి ఉంటారు. ఆ పాట ఏ పొలంలో, ఎంత కూలికి పాడింది? కూలి కొలిచింది మానికతోనా, కుంచంతోనా? కొలిచేటప్పుడు ఆసామి బొటనవేలు కొలత లోపలుందా, బయటుందా? బాలింతగా నాటుకు పోయినప్పుడు ఉయ్యాల ఏ చెట్టుకు కట్టింది? వీటికి ఒక్క పేజీ ఉండదు. పాటలు పోతున్నాయన్న ఆదుర్దా రామరాజు గారి తరానికి ఉండింది, అది న్యాయమైందే. ఇవాళ పాటతో పాటు ఆ పని కూడా పోయింది. కోత మిషన్లు దిగాక, కోతల ముఠా ఎలా కట్టేవాళ్ళో, గుత్త ఎవరు మాట్లాడేవాళ్ళో, డబ్బు ఎలా పంచుకునేవాళ్ళో చెప్పగలిగింది అరవై దాటినవాళ్ళే.

ఈ పద్ధతికి తెలుగులో పునాది లేదనేవాళ్ళు "మనకు తెలియని మన చరిత్ర" తెరవలేదనుకోవాలి. 1986లో స్త్రీశక్తి సంఘటన తెచ్చిన పుస్తకం. తెలంగాణ సాయుధ పోరాటంలో పనిచేసిన స్త్రీలను అడిగి, వాళ్ళ మాటలతోనే కట్టింది. నాయకుల పుస్తకాల్లో ఎన్ని గ్రామాలు, ఎన్ని ఎకరాలు, ఎన్ని దళాలు అన్న లెక్క దొరుకుతుంది. ఈ పుస్తకంలో అడవిలో చంకబిడ్డను పరాయివాళ్ళకు ఇచ్చేయాల్సి వచ్చిన తల్లి దొరుకుతుంది. 1951లో పోరాటం విరమించాక ఇళ్ళకు పొమ్మంటే, ఆ మాట ముప్పై ఏళ్ళకు కూడా మింగుడుపడని ఆడవాళ్ళు దొరుకుతారు. ఏ పార్టీ తీర్మానంలో ఉంది ఈ సంగతి? చాకలి ఐలమ్మ కూడా అందులో మాట్లాడింది. ఆమె 1985లో చనిపోయింది. పుస్తకం మరుసటి ఏడు వచ్చింది. అడగడానికి వెళ్ళడం ఇంకా ఆలస్యమై ఉంటే ఐలమ్మ గురించి మిగతావాళ్ళు చెప్పిందే మనకు మిగిలేది. టి.ఎన్. సదాలక్ష్మి బతుకు కథ కూడా అలా దక్కిందే. మంత్రిగా, డిప్యూటీ స్పీకరుగా చేసిన ఆమె చెబుతుంటే విని రాసింది గోగు శ్యామల. అడిగింది ఎవరన్నదాన్ని బట్టి చెప్పేది మారుతుంది. మన ఆడవాళ్ళు ఆసామి ఇంటి అమ్మాయికి చెప్పేది వేరు, మన పిల్లకు చెప్పేది వేరు.

ఇంతవరకూ బయటివాళ్ళతో పేచీ. మనవాళ్ళతోనూ నాకు ఉంది.

కారంచేడు తీసుకోండి. 1985 జూలై 16న, బర్రెల బకెట్లు కడిగిన మురికి మంచినీళ్ళ చెరువులో కలపొద్దని అడ్డుపడ్డారు. కొట్టవస్తే మున్నంగి సువార్త బిందె ఎత్తింది. మర్నాడు ఊరి మీద పడి ఆరుగురిని చంపారు. ఆ ఏడే దళిత మహాసభ పుట్టింది. ఇది ప్రతి మీటింగులో చెబుతాం, చెప్పాలి కూడా. కానీ నలభై ఏళ్ళుగా మన ఉపన్యాసాల్లో సువార్త ఆ బిందె ఎత్తి అలాగే నిలబడి ఉంది. ఆమెకు ఆ నిమిషానికి ముందూ వెనకా ఒక పనిరోజు ఉంటుందని మనకు తట్టదు. చీరాల శిబిరంలో అంతమందికి గంజి ఎవరు కాచారు? ఊరికి తిరిగిపోకూడదన్న మాట మొదట ఎవరి నోట వచ్చింది, ఎవరు కాదన్నారు? పొలం పని తప్ప ఎరగని మనుషులు టౌన్లో ఏ పని పట్టుకున్నారు? ఆ జవాబుల్లో కూడా ఉద్యమం ఉంది. స్టేజీ మీద ఉన్నవాళ్ళ ఇంటర్వ్యూలు మన దగ్గర బోలెడు. స్టేజీకి గుంజలు పాతినవాళ్ళవి ఎన్ని?

మనం అడిగే తీరు కూడా కోర్టును చూసి నేర్చుకున్నట్టుంటుంది. చుండూరులో 1991 ఆగస్టు 6న ఎనిమిది మందిని చంపారు. మన జనం పోరాడి ప్రత్యేక కోర్టును ఊళ్ళోకే తెచ్చుకున్నారు. 2007లో ఆ కోర్టు 21 మందికి యావజ్జీవం వేసింది. 2014లో హైకోర్టు అందరినీ విడిచిపెట్టింది. ఎవరు, ఎన్నింటికి, దేంతో, ఎక్కడ నిలబడి చూశావు అన్నది కోర్టు భాష. సాక్షి దానికి తలొగ్గక తప్పదు. మరి మనకేం ఖర్మ? మనమూ మైకు పెట్టి మొదటి ప్రశ్నే "ఎలా కొట్టారమ్మా?" అంటాం. ఆమె కన్నీళ్ళు పెట్టుకుంటే కెమెరా దగ్గరికి జరుపుతాం. ఆ ముక్క రీల్ అవుతుంది. మిగతా గంటన్నర ఫోన్లో చోటు చాలక డిలీట్ అవుతుంది.

తేదీలు తప్పు చెబుతారంటారు. ఇటలీలో తెర్నీ అనే ఊరుంది, ఉక్కు కార్మికుల ఊరు. 1949లో పోలీసులు ఒక యువ కార్మికుణ్ణి చంపారు. తర్వాత అలెస్సాండ్రో పోర్తెల్లీ వెళ్ళి అడిగితే చాలామంది ఆ చావును 1953లో, ఫ్యాక్టరీ నుంచి వేలమందిని తీసేసినప్పటి గొడవల్లో కలిపి చెప్పారు. ఆయన తప్పు దిద్ది ఊరుకోలేదు. ఎందుకలా జరిపారని అడిగాడు. ఆ కుర్రవాడి చావు ఊరికే పోలేదని వాళ్ళు చెప్పుకోవాల్సి వచ్చిందని పోల్చుకున్నాడు. మన తీరంలో 1977 అని ఎవరూ అనరు, "ఉప్పెన ఏడు" అంటారు. ఉప్పెనకు ముందు పెళ్ళి, కారంచేడు తర్వాత రెండో కాన్పు. ఆ క్యాలెండర్ నేర్చుకోవడం మన పని.

ఈ సెలవుల్లో వెళ్ళేవాళ్ళకు కొన్ని మాటలు. మొదటిరోజు ఫోన్ తియ్యకండి. పనితో మొదలుపెట్టండి: మొదటి కూలి ఎంత, ఎవరి దగ్గర, డబ్బులా గింజలా, ఎవరి చేతికిచ్చారు. కూలి పెంచమని మొదట ఎప్పుడు కూర్చున్నారు, ఎన్నాళ్ళు పనికి పోలేదు, ఆ రోజుల్లో ఏం తిన్నారు. పాలేరు జీతం అప్పు కింద జమయిందా అని మగవాళ్ళను అడగండి. పొగాకు గ్రేడింగుకు పోయిన ఆడవాళ్ళను ఆకు రకాలు ఎన్నో, ఎలా గుర్తుపట్టేవాళ్ళో అడగండి. అది చదువు కాదంటే నేనొప్పుకోను. రాసేటప్పుడు భాష దిద్దకండి. ఆమె "ఇచ్చుంటిరి" అంటే మీరు "ఇచ్చారు" అని రాయకండి. బూతు ఉంటే ఉండనివ్వండి. భూమి తగాదాలు, బతికున్న ఆసాముల పేర్లు ఉన్నచోట మాత్రం ఆమెను మళ్ళీ అడగండి. మనం ఊరు దాటి వస్తాం, ఆమె రేపు పొద్దున ఆ బజారునే పోవాలి. యూట్యూబ్‌లో పెట్టే ముందు ఆమెకు మొత్తం వినిపించండి. తీసేయమన్నది తీసేయండి, బతిమాలొద్దు. పేరు వేయాలా వద్దా అన్నది ఆమె ఇష్టం. వేస్తే అనుబంధంలో కాదు, అట్ట మీద వేయండి. ఒక కాపీ పెన్‌డ్రైవులో ఆమె ఇంట్లో ఇచ్చి, మనవడి ఫోన్లో పని చేస్తుందో లేదో చూసి రండి.

వచ్చే భాగం పొగాకు బ్యారన్ల మీద.