సీరియలు ఎవరి సొత్తు?

ఒకే కథ టెలివిజన్ నుంచి పుస్తకానికీ, పాటకూ, బొమ్మకూ పాకడం ఇంటర్నెట్టు తెచ్చిన కొత్త కళారీతి అని కొందరు విమర్శకులు సంబరపడుతున్నారు. చరిత్ర తెలియని సంబరమిది. మన చిత్తూరు సీమలో ద్రౌపదమ్మ గుళ్ల దగ్గర భారతం జరిగేటప్పుడు పగలు హరికథ, రాత్రి వీధినాటకం. అర్జునుడు తపస్సు మాను ఎక్కుతాడు. చివరికి దుర్యోధనుడు కొండంత మట్టిబొమ్మయి నేలమీద పడివుంటాడు. కథ ఎన్ని రూపాలు ఎత్తిందన్నది కాదు ప్రశ్న. ఆ రూపాల మీద పెత్తనం ఎవరిది? అక్కడ పెత్తనం ఊరిది.

1987 జనవరి 25న దూరదర్శన్‌లో రామానంద సాగర్ ‘రామాయణ్’ మొదలైంది. 1988 అక్టోబరు 2న బి.ఆర్. చోప్రా ‘మహాభారత్’ మొదలై, 94 భాగాలు నడిచి, 1990 జూన్ 24న ముగిసింది. ప్రసార సాధనం ప్రజల సొమ్ముతో కట్టింది. దాని మీద వ్యాపారం ప్రకటనదారులది. హిందీ రాని తెలుగు ఇళ్లలో కూడా ఆదివారం పొద్దున జనం పెట్టె ముందు చేరారు. రాముడు వీడియో క్యాసెట్టయి అమ్ముడుపోయాడు, క్యాలెండరయి గోడకెక్కాడు.

అంతటితో ఆగిందా? 1991లో సీత వేషం వేసిన దీపికా చిఖలియా బరోడా నుంచి, రావణ వేషం వేసిన అరవింద్ త్రివేది సబర్‌కాంఠా నుంచి లోక్‌సభకు ఎన్నికయ్యారు. ఇద్దరిదీ భారతీయ జనతా పార్టీయే! 1996లో కృష్ణుడు నితీశ్ భరద్వాజ్ అదే పార్టీ తరఫున జంషెడ్‌పూర్‌లో గెలిచాడు. సీరియలు విస్తరించిన చివరి మాధ్యమం బ్యాలెట్ పెట్టె. 1990 నాటి రథయాత్రను సీరియలే నడిపిందనడం అతిశయోక్తి. కాని ఆ రథం ఊళ్లోకి రాకముందే ఇంటింటా ఒకే రాముణ్ణి నిలబెట్టిపెట్టింది సీరియలు.

‘అయితే ప్రజలు గొర్రెలు, టెలివిజన్ మత్తుమందు’ అని తేల్చేసే మిత్రులున్నారు. వారికి జలంధర్ పారిశుద్ధ్య కార్మికులు 1988లోనే జవాబు చెప్పారు. వాల్మీకిని తమవాడిగా కొలిచే ఆ కార్మికులు, ఉత్తరకాండ లేకుండా కథ ముగించడం కుదరదని సమ్మె కట్టారు. ప్రభుత్వం దిగివచ్చింది; లవకుశుల కథ తెరకెక్కింది. చీపురు కింద పెట్టి సీరియలును పొడిగించిన ప్రేక్షకులు గొర్రెలా?

‘మహాభారత్’ సంభాషణలు రాసింది ఎవరు? ‘ఆధా గావ్’ నవలాకారుడు, వామపక్షవాది రాహీ మాసూమ్ రజా. ముస్లిం భారతం రాయడమేమిటని గొణిగిన వాళ్లకు ఆయన కలమే సమాధానం. టెలివిజన్‌ను వెలివేసి వుంటే ఆ చోటు ఇంకెవరికో దక్కేది.

అంగడి అనగానే ముక్కు మూసుకోవడం అభ్యుదయం కాదు. మదనపల్లె పక్కన ఒక ఊరి పేరే అంగళ్లు. అంగడికి పోకుండా రైతుకు గడవదు. అయినా తూకపు రాయి ఎవరి చేతిలో వుందో, ఆ రాయి నికార్సయినదో కాదో అడిగి తీరతాడు. కథల అంగడిలోనూ మనం అడగవలసింది అదే.