హాజరా వెంట ఏ మహ్రమ్ ఉన్నాడు?

మా ఖాలా ప్రభుత్వ పాఠశాలలో ముప్పై ఏళ్లు తెలుగు చెప్పి రిటైరైంది. ఖాలూ అంతకు ముందే పోయాడు. ఇద్దరూ కూతుళ్లే. రిటైరైనప్పుడు వచ్చిన డబ్బుతో హజ్ చేసి రావాలని ఆమె కోరిక. ఆరోగ్యం ఉంది, డబ్బుంది, అప్పుల్లేవు. లేనిదల్లా మహ్రమ్. అంటే భర్త గానీ, ఆమెతో ఎన్నటికీ నిఖా కుదరని దగ్గరి మగ బంధువు గానీ. మరిది పనికిరాడు, చెల్లెలి మొగుడు పనికిరాడు. అన్న మంచం మీదున్నాడు. ఒక అల్లుడికి గల్ఫ్‌లో సెలవు దొరకలేదు, రెండో అల్లుడు రానన్నాడు. ఇలా ఆరేళ్లు గడిచాయి. చివరికి 2012లో మా తమ్ముడు దొరికాడు. చెల్లెలి కొడుకు కాబట్టి మహ్రమే. వాడికప్పుడు 19 ఏళ్లు. వాడికి అఆలు దిద్దించింది ఖాలాయే.

ఇద్దరి ఖర్చూ ఆమే పెట్టుకుంది. ఫారాలు ఆమే నింపి, సంతకం ఎక్కడ పెట్టాలో వాడికి చూపించింది. మినాలో వాడికి జ్వరమొస్తే, ఆ గుడారాల మధ్య మందుల కోసం తిరిగింది ఆమే. ఆ తిరుగుడులో ఆమె వెంట ఏ మహ్రమూ లేడు. తిరిగొచ్చాక చుట్టాలందరూ ఒకటే మాట: ‘‘పిల్లాడు పుణ్యాత్ముడు, ఖాలాకు హజ్ చేయించుకొచ్చాడు.’’

ఆ మాట నన్ను ఇప్పటికీ గుచ్చుతూనే ఉంది. మహ్రమ్ నిబంధన స్త్రీల భద్రత కోసమేనని చెప్పేవాళ్లు మా ఇంటి లెక్క ఒకసారి చూడాలి. ఇందులో ఎవరు ఎవరికి రక్షణ? ఇక్కడ కావలసింది మగవాడి బలమూ కాదు, తెలివీ కాదు, అనుభవమూ కాదు. కాగితం మీద ఒక మగ పేరు.

ఇది దైవాజ్ఞ, ప్రశ్నించకూడదు అంటారు. హజ్‌ను విధిగా చేసిన ఖురాన్ వాక్యం (3:97) అక్కడికి వెళ్లే శక్తి గలవారు వెళ్లాలంటుంది. మహ్రమ్ ప్రస్తావన అందులో లేదు. మహ్రమ్ లేకుండా స్త్రీ ప్రయాణించకూడదనే హదీసులున్నాయి, నిజమే. వాటిని దాచాల్సిన పని నాకు లేదు. కానీ అదే బుఖారీ సంకలనంలో ఇంకో హదీసూ ఉంది. హీరా నుంచి ఒక స్త్రీ బయల్దేరి, అల్లాకు తప్ప ఇంకెవరికీ భయపడకుండా కాబా ప్రదక్షిణ చేసే రోజు వస్తుందని ప్రవక్త అదీ బిన్ హాతింతో చెప్పారు. ఒంటరి స్త్రీ ప్రయాణం అక్కడ పాపం కాదు. సమాజం బాగుపడిందనడానికి గుర్తు.

ఈ హదీసులన్నీ చదివిన పండితులు ఒక్క మాట మీద లేరు. మూడు రోజుల ప్రయాణమైతే మహ్రమ్ ఉండి తీరాలని హనఫీలు అన్నారు. నమ్మకమైన స్త్రీల తోడు ఉంటే విధిగా చేయాల్సిన హజ్‌కు చాలునని షాఫయీలు అన్నారు. మాలికీలూ ఇంచుమించు అదే దారి. మన ప్రాంతంలో హనఫీ సంప్రదాయమే ఎక్కువ, కేరళలో షాఫయీ. 2018లో మహ్రమ్ లేకుండా దరఖాస్తు చేసుకున్న భారతీయ స్త్రీలలో అత్యధికులు కేరళవాళ్లే కావడం యాదృచ్ఛికం కాదు. వాళ్లకు లేని దైవాజ్ఞ మా ఖాలా ఒక్కదానికే ఎక్కడి నుంచి వచ్చింది?

హనఫీ ధర్మశాస్త్రంలో ఇంకో సంగతి ఉంది. మహ్రమ్ అడిగితే అతని ఖర్చు ఆమే భరించాలి. అసలు మహ్రమే దొరకకపోతే, చనిపోయే ముందు తన పేరు మీద ‘హజ్జె బదల్’ చేయించమని వీలునామా రాయాలని కొందరు పండితుల మాట. అంటే బతికుండగా తన డబ్బుతో తను వెళ్లడానికి వీల్లేదు. చచ్చిపోయాక ఆమె డబ్బుతో ఇంకెవరో మగవాడు వెళ్లిరావచ్చు. ఇంతకంటే నిక్కచ్చిగా పితృస్వామ్యాన్ని ఎవరు నిర్వచించగలరు?

నన్ను అన్నింటికంటే ఆశ్చర్యపరిచేది హజ్ యాత్రే. సఫా, మర్వా కొండల మధ్య ఏడుసార్లు నడిచే ‘సయీ’ ఎవరి అడుగుల జ్ఞాపకం? హాజరావి. ఇబ్రాహీం ఆమెను, పసివాడు ఇస్మాయీల్‌ను నీళ్లు లేని లోయలో వదిలి వెళ్లిపోయాడు. భర్త లేడు, తండ్రి లేడు, అన్న లేడు. ఉన్న ఒక్క మగ ప్రాణి దాహంతో ఏడుస్తున్న పసిబిడ్డ. ఆమె పరుగెత్తింది. జమ్‌జమ్ నీళ్లు పుట్టాయి. ఆ నీళ్లు చూసి వచ్చిన జుర్హుమ్ తెగవాళ్లు, ఇక్కడ ఉండొచ్చా అని ఆమెనే అడిగారు. ఉండండి, కానీ నీటి మీద మీకు హక్కు లేదు అని ఆమె చెప్పిందని హదీసు. మక్కాలో జనవాసం ఒక ఒంటరి స్త్రీ ఇచ్చిన అనుమతితో మొదలైందన్న మాట. అమీనా వదూద్ లాంటి ముస్లిం స్త్రీవాదులు హాజరాను ఒంటరి తల్లిగా చదివింది ఇందుకే. ఏటా లక్షలాది మగవాళ్లు ఆమె అడుగుల్లో నడుస్తారు. ఆమె లాంటి స్త్రీ అక్కడికి రావాలంటే మాత్రం మగవాడి అనుమతి కావాలి!

ఇప్పుడు రెండో వైపు చూద్దాం. 2018 హజ్ విధానంలో 45 ఏళ్లు దాటిన స్త్రీలు నలుగురు, అంతకంటే ఎక్కువమంది కలిసి మహ్రమ్ లేకుండా వెళ్లొచ్చన్నారు. సుమారు 1,300 మంది దరఖాస్తు చేసుకున్నారు. 2017 డిసెంబరు 31న ‘మన్ కీ బాత్’లో ప్రధాని దీన్ని డెబ్బై ఏళ్ల అన్యాయానికి ముగింపుగా చెప్పుకున్నారు. ఆ స్త్రీలు వెళ్లగలిగినందుకు నాకు సంతోషమే. కానీ ఆ వయసు దాటినవాళ్లు మహ్రమ్ రాసిచ్చిన అంగీకారపత్రంతో బృందంగా రావచ్చని సౌదీ నిబంధనల్లో అప్పటికే ఉంది. ఆ సంగతి చెప్పకుండా, ముస్లిం స్త్రీలను ముస్లిం పురుషుల నుంచి విడిపించే రక్షకుడి వేషం కట్టారు. అప్పట్లో అదే పార్టీ ఏలిన కర్ణాటకలో 2022లో తలకు గుడ్డ కట్టుకున్న పిల్లలను కాలేజీ గేటు బయటే ఆపేశారు. అదే ఏడాది మౌలానా ఆజాద్ ఫెలోషిప్‌ను కేంద్రం ఆపేసింది. మక్కాకు ఒంటరిగా వెళ్లొచ్చు గానీ క్లాసుకు వెళ్లకూడదనే స్వేచ్ఛ మాకొద్దు.

సౌదీ కథా ఇంతే. స్త్రీలు కారు నడపొచ్చని 2018 జూన్‌లో అనుమతిచ్చారు. ఆ హక్కు కోసం పోరాడిన లుజైన్ అల్-హథ్‌లూల్‌ను దానికి నెల ముందే అరెస్టు చేశారు. 2021 ఫిబ్రవరి దాకా ఆమె జైల్లోనే ఉంది. 2022 అక్టోబరులో సౌదీ హజ్ మంత్రి కైరోలో మాట్లాడుతూ, ఏ దేశపు స్త్రీకైనా మహ్రమ్ అవసరం లేదన్నాడు. ఎన్నటికీ మారదన్న దైవాజ్ఞ ఒక మంత్రి ప్రకటనతో మారిపోయింది! అంటే ఇన్నాళ్లూ మమ్మల్ని ఆపింది వీసా నిబంధన. దానికి దేవుడి సంతకం పెట్టిన పెద్దలు ఇప్పుడైనా ఆ మాట ఒప్పుకోవాలి.

ఆ ప్రకటన తర్వాత కూడా, 2023లో మన హజ్ కమిటీ స్త్రీలు ఎవరికి వారు విడిగా దరఖాస్తు చేసుకునే వీలిచ్చింది గానీ 45 గీత చెరపలేదు. ఆ ఏడాది నాలుగు వేలమందికి పైగా స్త్రీలు మహ్రమ్ లేకుండా దరఖాస్తు పెట్టారు. కోరిక ఎంతమందిలో ఉందో తెలియడానికి ఇది చాలు. మరి 45 ఎందుకు? శబరిమలలో 10 నుంచి 50 ఏళ్ల స్త్రీలు రాకూడదన్నారు. 2018 సెప్టెంబరు 28న సుప్రీంకోర్టు అది చెల్లదని తీర్పిస్తే, ఆ తీర్పుకు వ్యతిరేకంగా వీధుల్లోకి వచ్చారు. రెండు మతాలు, రెండు అంకెలు, ఒకటే లెక్క. బిడ్డల్ని కనే వయసు దాటేవరకు స్త్రీ శరీరాన్ని నమ్మకూడదు. శబరిమల గురించి ఆవేశంగా రాసిన మిత్రులు హజ్ దగ్గరికొచ్చేసరికి ‘‘అది మీ మతం విషయం’’ అని తప్పుకుంటారు. దాన్ని మర్యాద అనుకుంటున్నారేమో. మా వరకు అది మమ్మల్ని మౌల్వీలకు అప్పగించి వెళ్లడం.

మేమడిగేది పెద్దదేమీ కాదు. తోడు కావాలన్న స్త్రీ తోడుతో వెళ్లనివ్వండి. అది ఆమె ఇష్టం. వద్దన్న స్త్రీ వయసు అడక్కండి, అంగీకారపత్రం అడక్కండి. అడ్డాలు, గుడారాలు, వైద్యం, దారి చూపే మహిళా సహాయకులు - భద్రత అంటే ఇవి. వీటిని ఏర్పాటు చేయడం ప్రభుత్వాల పని, మేనల్లుళ్లది కాదు.

ఖాలా చిన్న కూతురికి ఇప్పుడు 41. విడాకులు తీసుకుంది, కొడుకుల్లేరు. సొంతంగా టైలరింగ్ షాపు నడుపుతుంది, ఇద్దరు అమ్మాయిలకు జీతాలిస్తుంది. ‘‘ఇంకో నాలుగేళ్లు ఆగితే ఒంటరిగా పోవచ్చంటనే అక్కా. ఆ నాలుగేళ్లలో నాలో ఏం మారతాదంట?’’ అని మొన్న అడిగింది. నాకు తెలిసిన జవాబు చెప్పడానికి సిగ్గేసి ఊరుకున్నాను. గీత గీసినవాళ్లు చెప్పాలి.