తూటా కన్నా ముందు తాళం

అమెరికాలోని టెక్సాస్‌లో స్థిరపడిన మా మేనల్లుడు గత నెలలో ఒక రాత్రి ఫోన్‌ చేశాడు. "మావయ్యా, మా పక్క వీధిలో దొంగలు పడ్డారు. భయం వేసి ఒక రివాల్వర్‌ కొన్నాను. పాత కౌబాయ్‌ సినిమాల్లో ఉంటుందే, ఆ రకం. ఆత్మరక్షణకు దానిలో ఏ తూటా వేయాలో తేలడం లేదు. మీరు ఆసుపత్రిలో ఇన్నేళ్లు బుల్లెట్‌ గాయాలు చూశారు కదా, చెప్పండి" అన్నాడు. ఇంట్లో వాడు, భార్య, పదహారేళ్ల కొడుకు ఉంటారు. "ఆ రివాల్వర్‌ ఇప్పుడెక్కడుంది?" అని అడిగాను. "మంచం పక్క సొరుగులో. తాళం వేస్తే దొంగ వచ్చినప్పుడు తీసేదెలా?" అన్నాడు.

ఈ వ్యాసం వాడికిచ్చిన సమాధానమే. అమెరికాలో ఉన్న మన పిల్లలు చాలామంది ఇదే ప్రశ్నతో సతమతమవుతున్నారని తెలిసి ఇక్కడ రాస్తున్నాను. ఆత్మరక్షణ హక్కును నేను కాదనను. నా అభ్యంతరమంతా తప్పు ప్రశ్నను ముందు పెట్టడం మీదనే.

ముందుగా తూటా సంగతే చూద్దాం. తూటాలు అమ్మేవారు "ఆపే శక్తి" అనే మాటను మంత్రంలా జపిస్తారు. ఒక్క దెబ్బతో మనిషిని వెనక్కి విసిరేసే శక్తి ఏ చేతి తుపాకీ తూటాకూ లేదు. అది సినిమా కల్పన. చేతి తుపాకీ తూటా తాను వెళ్లిన దారిలోని కణజాలాన్ని నలిపి చీలుస్తుంది. కాలేయం, ప్లీహం వంటి సాగని అవయవాలను మినహాయిస్తే, చుట్టుపక్కల కణజాలం క్షణకాలం సాగి తిరిగి యథాస్థితికి వస్తుంది. గాయం ఎక్కడ, ఎంత లోతున అన్నదే ప్రాణాపాయాన్ని నిర్ణయిస్తుంది. గుండెకు గాయమైన మనిషి కూడా మెదడులో మిగిలిన ఆక్సిజన్‌తో పది పదిహేను సెకన్లు కదలగలడు. ఇది తెలియక "పెద్ద తూటా ఉంటే చాలు" అనుకోవడం అజ్ఞానం.

1986లో మయామీలో జరిగిన కాల్పుల్లో ఇద్దరు ఎఫ్‌బీఐ అధికారులు మరణించిన తరువాత ఆ సంస్థ ఈ విషయాన్ని తీవ్రంగా పరిశీలించింది. జెలటిన్‌ దిమ్మెలో 12 నుంచి 18 అంగుళాలు, అంటే సుమారు 30 నుంచి 46 సెంటీమీటర్ల లోతుకు వెళ్లే తూటా కావాలని నిర్ణయించింది. అంతకన్నా తక్కువ వెళ్తే పని జరగదు, ఎక్కువ వెళ్తే మనిషిని దాటి వెనుకనున్నవారిని తాకుతుంది. ముక్కు బోలుగా ఉండి శరీరంలో విచ్చుకొనే తూటాలకు ఆదరణ రావడానికి కారణం ఇదే. ఇటువంటి విచ్చుకొనే తూటాలకు "డమ్‌డమ్‌" అనే పేరు కోల్‌కతా దగ్గరి డమ్‌డమ్‌ ఆయుధాగారం నుంచే వచ్చింది. వీటిని 1899 హేగ్‌ ప్రకటన యుద్ధంలో నిషేధించింది. ఇంట్లో మాత్రం అవే మేలు కావడం వింతగా తోచవచ్చు. పక్కగదిలో పిల్లలు పడుకొనే చోట దాటిపోని తూటాయే తక్కువ కీడు.

అయితే మా వాడి రివాల్వర్‌ రకానికి ఇక్కడ ఒక చిక్కుంది. 1873లో అమెరికా సైన్యం స్వీకరించిన కోల్ట్‌ నమూనాకు చెందిన ఆయుధమది. దాని .45 కోల్ట్‌ తూటా బరువైనదే గాని నెమ్మదిగా వెళ్తుంది. వేగం చాలకపోయినా, బోలు ముక్కులో దుస్తుల పీలికలు నిండినా, ఆ ముక్కు విచ్చుకోదు. అప్పుడది మామూలు సీసపు తూటాలాగే దూసుకుపోతుంది. కనుక పెట్టె మీది బొమ్మను నమ్మరాదు, పరీక్షాఫలితాలను చూడాలి. వేగం పెంచిన బలమైన తూటాలను పాత తుపాకులలోనూ వాటి నకళ్లలోనూ వాడితే తుపాకీయే పగిలే ప్రమాదముంది. తయారీదారు అనుమతించిన రకాన్నే వాడాలి.

ఇంకొక సంగతి, శరీరధర్మశాస్త్రానికి సంబంధించినది. సింగిల్‌ యాక్షన్‌ అంటే ప్రతి తూటాకూ బొటనవేలితో హ్యామర్‌ను వెనక్కి లాగాలి. లాగిన తరువాత ట్రిగ్గర్‌ అతి తేలికగా కదులుతుంది. అర్ధరాత్రి భయంతో లేచిన మనిషి రక్తంలో ఎడ్రినలిన్‌ పొంగుతుంది. చేతులు వణుకుతాయి, వేళ్ల సున్నితమైన పట్టు పోతుంది. ఆ స్థితిలో హ్యామర్‌ లాగారు, తీరా చూస్తే వచ్చింది దొంగ కాదు, నీళ్లకోసం లేచిన సొంత కొడుకు. ఇప్పుడు ఆ హ్యామర్‌ను ఎలా దించుతారు? వణికే బొటనవేలితో దాన్ని పట్టుకొని, అదే సమయంలో ట్రిగ్గర్‌ నొక్కి, మెల్లగా దించాలి. వేలు జారితే తుపాకీ పేలుతుంది. పాత నమూనాలో హ్యామర్‌ కింద తూటా ఉంటే, తుపాకీ కిందపడినా పేలవచ్చు. అందుకే ఆరు గదులున్నా అయిదే నింపి, హ్యామర్‌ కింద గది ఖాళీగా ఉంచేవారు. రూగర్‌ సంస్థ 1973లో ట్రాన్స్‌ఫర్‌ బార్‌ అనే ఏర్పాటు పెట్టింది. మీ తుపాకీ ఏ రకమో ముందు తెలుసుకోండి.

మరి గోడలు? అక్కడి ఇళ్ల లోపలి గోడలు మన ఇటుక గోడలు కావు. కర్రచట్రానికి జిప్సం పలకలు బిగిస్తారు. తూటా ఒకటి కాదు, రెండు మూడు గోడలు దాటగలదు. మూసిన గదిలో తుపాకీ ఒక్కసారి పేలినా శబ్దం 140 డెసిబెల్స్‌ దాటి, వినికిడి శాశ్వతంగా దెబ్బతినవచ్చు. సాధనకు వాడే సీసపు తూటాల ధూళి చేతులకు, బట్టలకు అంటి ఇంట్లోకి వస్తుంది. పిల్లల మెదడుకు సీసం విషం. కాల్పుల సాధన చేసి వచ్చాక సబ్బుతో చేతులు కడగనిదే పిల్లలను తాకకండి.

ఇక అసలు ప్రశ్నకు వస్తాను. ఆ సొరుగులోని తూటా చివరకు ఎవరిని తాకుతుంది? అమెరికాలో 2022లో తుపాకీ మరణాలు సుమారు 48 వేలు. అందులో సగానికి పైగా, 27 వేల దాకా ఆత్మహత్యలు. కాలిఫోర్నియాలో రెండున్నర కోట్లమందికి పైగా జనాన్ని పన్నెండేళ్లకు పైగా గమనించిన అధ్యయనం 2020లో వెలువడింది. సొంత చేతి తుపాకీ ఉన్న పురుషులు తుపాకీతో ఆత్మహత్య చేసుకొనే ప్రమాదం లేనివారికన్నా సుమారు 8 రెట్లు, స్త్రీలలో సుమారు 35 రెట్లు ఎక్కువని అది తేల్చింది. దొంగను ఊహించి కొన్న ఆయుధం ఇంటివారికే దగ్గరగా ఉంటుంది.

నేను పనిచేసిన ప్రభుత్వాసుపత్రులలో తుపాకీ గాయాలు తక్కువ. పురుగుమందు తాగినవారు లెక్కలేనంతమంది. అట్రోపిన్‌ ఎక్కిస్తూ రాత్రులు గడిపాము. బతికినవారు మరునాడు చెప్పిన మాట దాదాపు ఒక్కటే: "ఆ క్షణంలో డబ్బా చేతికందింది, డాక్టరుగారూ." పరీక్ష తప్పిన పిల్లవాడు, భర్తతో మాటా మాటా పెరిగిన ఇల్లాలు, అప్పులవాడు ముంగిట నిలిచిన రైతు, ఎవరిదైనా అదే మాట. ఆ క్షణం గడిస్తే చాలామంది మళ్లీ ఆ దారి పట్టరు. శ్రీలంక అతివిషపూరితమైన పురుగుమందులను నిషేధించాక, రెండు దశాబ్దాలలో ఆత్మహత్యల రేటు సుమారు 70 శాతం తగ్గింది. మనుషుల దుఃఖం తగ్గలేదు, విషం చేతికందడం తగ్గింది. పురుగుమందు తాగినవాడిని కాపాడేందుకు మాకు కొన్ని గంటలైనా దొరికేవి. తుపాకీ ఆ గడువివ్వదు.

అందుకే మా మేనల్లుడితో ఇలా అన్నాను: "తూటా రకం తరువాత తేల్చుకోవచ్చు. ముందు తాళం కొను. అంకెలు నొక్కితే కొద్ది సెకన్లలో తెరుచుకొనే పెట్టెలు దొరుకుతాయి కనుక, దొంగ వస్తే ఎలా అనే సాకు చెల్లదు. ఆ అంకెలు నీకూ నీ భార్యకూ తప్ప తెలియకూడదు. వాడని రోజుల్లో తూటాలు వేరుగా తాళంలో ఉండాలి. ఇంట్లో ఎవరి మనసైనా చెదిరిందనిపిస్తే, పిల్లవాడు ముభావంగా తిరుగుతున్నాడనిపిస్తే, ఆ ఆయుధం కొంతకాలం ఇల్లు వదలాలి. ఇవేవీ చేయలేనివాడు తుపాకీ కొనకూడదు."

వాడు నొచ్చుకున్నాడు. "నా కొడుకు అలాంటివాడు కాదు మావయ్యా" అన్నాడు. ఆ మాట నేను వార్డు బయట వరండాలో నిలబడిన ఎందరో తండ్రుల నోట విన్నాను. ఆ సంగతీ వాడికి చెప్పాను.

పది రోజుల తరువాత మళ్లీ ఫోన్‌ చేశాడు. పెట్టె కొన్నాడట. తూటా ఏదో ఇంకా తేల్చుకోలేదట. ఆలస్యమైనా ఫరవాలేదన్నాను.

మీకు గాని, మీవారికి గాని మనసు భరించలేనంత భారంగా ఉంటే, భారతదేశంలో టెలీ మానస్‌ 14416కు, అమెరికాలో 988కి ఏ వేళలోనైనా ఫోన్‌ చేయండి.